అరచేతితో బొల్లిని కొలుద్దాం



నల్లచెరువు, కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు నుంచి తెల్లమచ్చలతో వచ్చేవారు మమ్మల్ని తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, పోయినసారి కంటే తగ్గిందా, పెరిగిందా?" అని. తల్లి ఒకటి చెబుతుంది, తోడు వచ్చిన మేనత్త ఇంకొకటి చెబుతుంది. రోజూ అద్దంలో చూసుకునే మనిషికి మార్పు కనబడదు. ఆరు నెలలకు ఒకసారి చూసే బంధువుకు ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. ఇలాంటప్పుడు ఎవరి మాట పట్టుకోవాలి? కొలతను పట్టుకోవాలి. జ్వరానికి థర్మామీటరు, రక్తపోటుకు బి.పి. మిషను ఉన్నట్టే బొల్లికీ కొలత ఉంది. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, మీ అరచేయి చాలు. ఆ కొలత ఎలా తీస్తారో, దాంతో ఏం ప్రయోజనమో ఈ నెల వివరంగా తెలుసుకుందాం.

బొల్లి అంటే ఏమిటి?

మన చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలను మెలనోసైట్లు అంటారు. మనల్ని క్రిముల నుంచి కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి ఈ కణాల మీదనే దాడి చేస్తే, ఆ చోట రంగు పోయి చర్మం పాలలా తెల్లబడుతుంది. అదే బొల్లి. ప్రపంచ జనాభాలో నూటికి సుమారు అర నుంచి రెండు శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. దాదాపు సగం మందిలో 20 ఏళ్ళ లోపే మొదలవుతుంది.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా, బిడ్డను ఎత్తుకున్నా ఒకరి నుంచి ఒకరికి రాదు. చేపలు తిని పాలు తాగితే వస్తుందన్న మాటకు ఆధారం లేదు. వంకాయ, పులుపు మానేస్తే పోతుందన్నదీ అంతే. బొల్లి ఉన్న కొందరిలో థైరాయిడ్ జబ్బు కూడా కనిపిస్తుంది గనుక డాక్టరు గారు ఆ రక్తపరీక్ష రాస్తే భయపడకుండా చేయించుకోండి.

ఇది కుష్ఠు కూడా కాదు. పూర్వం దీన్ని శ్వేతకుష్ఠు అనేవారు. ఆ పేరు వల్ల ఎన్నో కుటుంబాలు అనవసరంగా నలిగిపోయాయి. రెంటికీ తేడా తెలుసుకోవడం తేలిక. కుష్ఠు మచ్చ పూర్తిగా పాలతెలుపు కాదు. పాలిపోయినట్టో, ఎర్రగానో ఉంటుంది. సాధారణంగా ఆ మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది లేదా ఉండదు. బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. అందుకే మేము మచ్చను కొలిచే ముందు రోగిని కళ్ళు మూసుకోమని, దూది కొసతో మెల్లగా తాకి, తాకిన చోటును వేలితో చూపించమంటాము. స్పర్శ తెలియకపోతే వెంటనే డాక్టరు గారికి చూపిస్తాము. 2005 చివరికి దేశం మొత్తం మీద కుష్ఠు పదివేల మందికి ఒకరి కన్నా తక్కువకు దిగింది. అయినా కొత్త కేసులు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. దానికి మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది కూడా. గనుక సందేహం ఉంటే దాచుకోకూడదు.

అసలు కొలవడం ఎందుకు?

మొదటిది, ఏ వైద్యం చేయాలో నిర్ణయించడానికి. మచ్చలు తక్కువ భాగంలో ఉంటే పూత మందుతో మొదలుపెట్టవచ్చు. ఎక్కువ భాగంలో ఉంటే కాంతి చికిత్స గురించి ఆలోచించవలసి వస్తుంది.

రెండవది, మందు ఎంత కావాలో లెక్కవేయడానికి.

మూడవది, వైద్యం పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి. బొల్లిలో రంగు చాలా నెమ్మదిగా తిరిగి వస్తుంది. రెండు నెలలు చూసి, "ఏం లాభం లేదు" అని మానేసేవారు ఎక్కువ. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చేవారికి ఓపిక తగ్గడంలో ఆశ్చర్యం లేదు. అయితే కొలత రాసి ఉంటే కంటికి ఆనని మార్పు కూడా కాగితం మీద కనిపిస్తుంది. నిజంగానే మార్పు లేకపోతే అదీ తెలుస్తుంది. అప్పుడు పనిచేయని మందుకు డబ్బు తగలేయకుండా వేరే దారి చూడవచ్చు.

నాలుగవది, మచ్చ కదులుతున్నదా, ఆగిందా అన్నది తెలియడానికి. చర్మం అంటువేసే ఆపరేషన్ చేయాలంటే మచ్చ కనీసం ఏడాదిగా ఆగి ఉందా అని సర్జన్లు సాధారణంగా చూస్తారు. రాసిన కొలత లేకపోతే ఆ సంగతి ఎవరు చెప్పగలరు?

ఒళ్ళంతా ఎకరం, అరచేయి ఒక సెంటు

మన రైతులకు ఇది చాలా తేలికగా అర్థమవుతుంది. ఎకరానికి వంద సెంట్లు. శరీరం మీది చర్మమంతా ఒక ఎకరం అనుకోండి. వేళ్ళు దగ్గరగా చేర్చి చాపిన అరచేయి, అంటే మణికట్టు ముడత నుంచి వేళ్ళ చివర్ల వరకు, ఒక సెంటు. వైద్యభాషలో దాన్ని ఒక శాతం అంటారు. మచ్చలన్నీ కలిపి ఎన్ని అరచేతులంత ఉంటే శరీరంలో అంత శాతం అన్నమాట.

ఇక్కడ మూడు జాగ్రత్తలు ఉన్నాయి.

ఆ అరచేయి రోగిదే కావాలి. నర్సుదో, డాక్టరుదో కాదు. అయిదేళ్ళ బిడ్డ మచ్చను పెద్దవారి చేతితో కొలిస్తే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

వేళ్ళతో సహా కొలవాలి. వేళ్ళు లేకుండా అరచేయి మాత్రమే తీసుకుంటే అది సుమారు అర శాతమే అవుతుంది.

ఇది ఉజ్జాయింపు కొలత. నిజానికి పెద్దవారి చేయి ఒక శాతం కంటే కొంచెం తక్కువ, 0.8 దగ్గర ఉంటుంది. ఆడవారిలో ఇంకొంచెం తక్కువ. అయినా ప్రతిసారీ అదే మనిషి చేతితో, అదే పద్ధతిలో కొలుస్తాము గనుక పోయినసారికీ ఈసారికీ తేడా సరిగానే తెలుస్తుంది.

మచ్చలు చాలా పెద్దవిగా ఉన్నప్పుడు ఒక్కొక్క అరచేయి పెట్టి కొలవడం కష్టం. అప్పుడు కాలిన గాయాలకు వాడే తొమ్మిదుల లెక్క ఉపయోగపడుతుంది. పెద్దవారిలో తల, మెడ కలిపి 9 శాతం. ఒక్కొక్క చేయి 9. ఒక్కొక్క కాలు 18. ఛాతీ, పొట్ట కలిపి ముందు భాగం 18, వీపు వైపు 18. మర్మభాగం 1. కూడితే 100. చిన్నపిల్లలకు తల పెద్దది, కాళ్ళు చిన్నవి గనుక ఈ లెక్క యథాతథంగా సరిపోదు.

సెంటులో పంట ఎంత ఎండింది?

విస్తీర్ణం ఒక్కటే తెలిస్తే చాలదు. వానలు లేక శెనక్కాయ చేను ఎండినప్పుడు నష్టం రాసేవారు ఏం చేస్తారు? ఎన్ని సెంట్లలో ఎండిందో చూస్తారు, ఆ సెంట్లలో పూర్తిగా ఎండిందా, సగమే ఎండిందా అన్నది కూడా చూస్తారు. బొల్లిలోనూ అంతే. వైద్యం మొదలైన తర్వాత మచ్చ అంచు అలాగే ఉండి, లోపల వెంట్రుకల కుదుళ్ళ చుట్టూ చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు వస్తాయి. మచ్చ వెడల్పు మారలేదు, కాని రంగు వస్తోంది. విస్తీర్ణం మాత్రమే కొలిస్తే ఈ మంచివార్త మనకు తప్పిపోతుంది.

ఈ రెండూ కలిపి లెక్కించే పద్ధతిని 2004లో కెనడాలో హంజావి అనే చర్మవైద్యుడు, ఆయన తోటివారు ప్రకటించారు. దాన్ని వాసి అంటారు. మన తెలుగులో వాసి అంటే నాణ్యత, మేలు. ఇక్కడ మాత్రం అది ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపిన మాట. ఈ పద్ధతిలో అంకె ఎంత తగ్గితే అంత మేలు.

శరీరాన్ని అయిదు భాగాలు చేస్తారు: రెండు హస్తాలు, హస్తాలు కాక మిగిలిన చేతులు, మొండెం, పాదాలు కాక మిగిలిన కాళ్ళు, రెండు పాదాలు. ముఖాన్ని వేరుగా చూస్తారు. ఒక్కొక్క భాగంలో మచ్చ ఎన్ని అరచేతులో రాస్తారు. తర్వాత ఆ మచ్చలో రంగు ఎంత పోయిందో ఇలా అంచనా వేస్తారు:

రంగు అసలే లేకపోతే 100 శాతం.
అక్కడక్కడ రంగు చుక్కలు మాత్రమే ఉంటే 90.
రంగు ఉన్న చోటు కంటే తెలుపు ఎక్కువైతే 75.
రెండూ సమానమైతే 50.
తెలుపు కంటే రంగు ఎక్కువైతే 25.
తెల్ల చుక్కలు మాత్రమే మిగిలితే 10.

అరచేతుల సంఖ్యను ఈ శాతంతో హెచ్చవేసి, అన్ని భాగాలవీ కూడితే వాసి అంకె వస్తుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. ఒకరికి హస్తాల మీద 1 అరచేయి, రంగు పూర్తిగా పోయింది: 1. మోచేతుల దగ్గర 2 అరచేతులు, సగం పోయింది: 1. వీపు, పొట్ట మీద 4 అరచేతులు, 75 శాతం: 3. కాళ్ళ మీద 2 అరచేతులు, 90 శాతం: 1.8. పాదాల మీద 1 అరచేయి, పూర్తిగా: 1. మొత్తం 7.8.

ఆరు నెలల వైద్యం తర్వాత మచ్చల అంచులు మారలేదు. మోచేతుల దగ్గర 25 శాతానికి దిగింది: 0.5. మొండెం మీద 25 శాతం: 1. కాళ్ళ మీద 50 శాతం: 1. హస్తాలు, పాదాలు మాత్రం మారలేదు: ఒక్కొక్కటి 1. మొత్తం 4.5. అంటే 7.8 నుంచి 3.3 తగ్గింది, నూటికి 42 వంతులు మేలు. ఇంట్లోవారు చేతులు, పాదాలు మాత్రమే చూసి "ఏమీ తగ్గలేదు" అంటారు. లెక్క వేరే మాట చెబుతోంది. వేళ్ళ చివర్లు, పాదాల మీద రంగు రావడం ఎప్పుడూ కష్టమే. ముఖం, మెడ, మొండెం త్వరగా స్పందిస్తాయి. ఈ సంగతి మొదటిరోజే చెప్పాలని మా సిస్టర్లకు చెబుతూ ఉంటాము.

2007లో యూరప్ వైద్యుల బృందం ఇంకో పద్ధతి ఇచ్చింది. అందులో విస్తీర్ణం, మచ్చ ఏ దశలో ఉంది, వ్యాపిస్తున్నదా అనే మూడూ చూస్తారు. 2016లో బెల్జియంలోని గెంట్ వైద్యులు శరీరంలోని 19 చోట్లకు బొమ్మలు గీసి, రోగి మచ్చకు దగ్గరగా ఉన్న బొమ్మను ఎంచుకునే విధానం తెచ్చారు. ఆ తర్వాత రోగి తానే గుర్తుపెట్టుకునే రకం కూడా వచ్చింది. చదువు తక్కువ ఉన్నవారికి బొమ్మల పద్ధతి సులువు.

కొలిచేటప్పుడు మేము పాటించేవి

గదికి తెర ఉండాలి. ఆడవారిని, ఆడపిల్లలను సిస్టరే కొలవాలి, తోడుగా ఇంకొకరు ఉండాలి. బట్టల కింద ఉన్న మచ్చలు చాలామంది చెప్పరు. గౌరవంగా అడిగితే చూపిస్తారు.

చామనఛాయ కంటే తెల్లని చర్మం మీద మచ్చ అంచు సరిగా కనబడదు. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే నీలలోహిత కాంతి దీపం వేస్తే బొల్లి మచ్చ నీలితెలుపుగా మెరుస్తుంది. అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ 1903లో తయారుచేసిన గాజు వడపోత నుంచి ఈ దీపం పుట్టింది. పౌడరు, క్రీము పూసుకుని ఉంటే అవీ మెరుస్తాయి గనుక ముందు కడిగి తుడవాలి.

ఒకటి రెండు చిన్న మచ్చలే ఉంటే వాటి మీద పలుచని ప్లాస్టిక్ కాగితం పరచి, పెన్నుతో అంచు గీసి, దాన్ని గ్రాఫ్ కాగితం మీద పెట్టి గళ్ళు లెక్కపెట్టవచ్చు. చవకైన పద్ధతి, నమ్మకమైనది కూడా.

ఫోటో తీస్తే ప్రతిసారీ అదే వెలుతురు, అదే దూరం, అదే కోణం ఉండాలి. రోగి అనుమతి తప్పనిసరి. ఆ ఫోటో కేసు కాగితాలు దాటి పోకూడదు.

వ్యాపిస్తున్నదా, ఆగిందా?

విస్తీర్ణం ఒక లెక్క, కదలిక ఇంకొక లెక్క. 1999లో నెదర్లాండ్స్ వైద్యులు చెప్పిన సులభమైన గుర్తులు ఇవి. గత 6 వారాల్లో కొత్త మచ్చ వచ్చినా, పాతది పెరిగినా 4. మూడు నెలల్లో అయితే 3. ఆరు నెలల్లో అయితే 2. ఏడాదిలో అయితే 1. ఏడాదిగా ఏ కదలికా లేకపోతే 0. ఏడాదిగా ఆగి, దానంతటదే రంగు వస్తుంటే మైనస్ 1.

బియ్యపు నూక చల్లినట్టు సన్నని తెల్లచుక్కలు గుంపుగా వస్తే, గీసుకున్న చోట గీతలాగా మచ్చ వస్తే బొల్లి వేగంగా ఉందని అర్థం. ఆలస్యం చేయకుండా రావాలి. రాపిడి ఉన్న చోట కొత్త మచ్చలు రావడం ఈ జబ్బు స్వభావం. లంగా నాడా బిగించి కట్టే నడుము, బిగుతు చెప్పుల పట్టీ, గరుకు రాయితో రుద్దుకునే మడమలు జాగ్రత్త. జిగురు బొట్టుబిళ్ళ పెట్టే చోట, రబ్బరు చెప్పుల వారు ఆనే చోట మాత్రమే తెల్లబడితే, వాటిలోని రసాయనం రంగు కణాలను చంపుతూ ఉండవచ్చు. వెంటనే మానేయండి. కుంకుమో, తోలు చెప్పులో వాడుకోవచ్చు.

అంకె చెప్పనిది కూడా ఉంది

పెదవి మీద బియ్యపు గింజంత మచ్చ లెక్కలో సున్నా కిందికే వస్తుంది. పెళ్ళి కావలసిన పిల్లకు అదే కొండంత. వీపు మీద పది అరచేతులు ఉన్న రైతు చొక్కా తొడుక్కుని పొలానికి పోతాడు, ఆయనకు దిగులు లేదు. గనుక శాతం రాసుకున్న తర్వాత మేము ఇంకొక మాట అడుగుతాము: "దీనివల్ల మీరు ఏ పని మానేశారు?" బడి మానేశానని ఒకరు, పెళ్ళిళ్ళకు పోవడంలేదని ఒకరు, వంట చేస్తే ఎవరూ తినడంలేదని ఒకరు చెబుతారు. ఆ జవాబు కూడా కేసు కాగితంలో రాయాలి. వైద్యం ఫలించిందా అన్నది ఆ జవాబు మారడంలో కూడా కనిపిస్తుంది. మచ్చ మిగిలి ఉన్నా పిల్ల మళ్ళీ బడికి పోతే అది తక్కువ మేలు కాదు.

పాటలతో, నృత్యంతో లోకాన్నంతా ఆకట్టుకున్న మైకేల్ జాక్సన్‌కు కూడా బొల్లి ఉండేది. 1993లో టీవీలో ఆయనే ఆ సంగతి చెప్పారు. ఆయన చనిపోయిన జూన్ 25ను 2011 నుంచి ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు.

కొలత వైద్యానికి ఎలా దారి చూపుతుంది?

పూత మందుకు వేలికొన లెక్క వాడతారు. పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండిన మందు సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. పైన లెక్కలోని మనిషికి మొత్తం 10 అరచేతుల మచ్చ. ఒక పూటకు రెండున్నర గ్రాములు, రోజుకు రెండు పూటలు అయితే 5 గ్రాములు. 30 గ్రాముల ట్యూబు ఆరు రోజులకే అయిపోతుంది. పేద కుటుంబం దీన్ని నెలల తరబడి మోయలేదు, స్టెరాయిడ్ మందు అంత చోట అన్ని రోజులు పూయడమూ మంచిది కాదు. అందుకే విస్తీర్ణం పెరిగేకొద్దీ వైద్యులు కాంతి చికిత్స వైపు మొగ్గుతారు. 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని వారానికి రెండు మూడుసార్లు ఇస్తారు. ఫలితం తేల్చడానికి కనీసం ఆరు నెలలు ఆగాలి. వేగంగా వ్యాపిస్తుంటే వారంలో రెండు రోజులు మాత్రమే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చే పద్ధతి ఉంది. అది ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రిచా గారు తెచ్చినది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాటిని వాడకూడదు. 2022 జూలైలో అమెరికాలో రుక్సోలిటినిబ్ అనే పూత మందుకు 12 ఏళ్ళు దాటినవారి బొల్లికి అనుమతి దొరికింది. దాన్నీ శరీరంలో 10 శాతానికి మించి పూయకూడదని నియమం. చూడండి, కొత్త మందుకు కూడా హద్దు అరచేతి లెక్కలోనే పెట్టారు.

బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చోవడం మన పల్లెల్లో పాత అలవాటు. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది, ఎండతో కలిస్తే అది పనిచేస్తుంది, నిజమే. కాని మోతాదు తెలియదు. మన ప్రాంతపు ఎండకు బొబ్బలెక్కి, పుండు పడి, ఆ పుండు చోటే కొత్త మచ్చ వస్తుంది. దయచేసి సొంతంగా చేయకండి.

ఇంట్లో మీరు చేయవలసినది

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. మనిషి బొమ్మలు రెండు గీయండి, ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి. మచ్చలున్న చోట గుర్తు పెట్టండి. నెలకు ఒకసారి, అదే తేదీన, పగటి వెలుతురులో, రోగి అరచేతితో కొలిచి రాయండి. కొత్త మచ్చ ఏదైనా వస్తే తేదీ వేయండి. మచ్చ లోపల రంగు చుక్కలు కనబడితే అదీ రాయండి. రోజూ కొలవకండి, దిగులు పెరగడం తప్ప ప్రయోజనం లేదు. బిడ్డను అందరి ముందు నిలబెట్టి కొలవకండి.

ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ పుస్తకం, వాడిన ట్యూబులు, పాత చీటీలు తీసుకుని రండి. పైచికిత్సకు అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగానికి వెళ్ళవలసి వచ్చినా ఆ పుస్తకం వెంట ఉండాలి. అక్కడి డాక్టరు గారు మిమ్మల్ని మొదటిసారి చూస్తున్నా, మీ ఏడాది చరిత్ర ఆయన చేతిలో ఉంటుంది.

ఇరుగుపొరుగు వారికి ఒక మనవి. బొల్లి ఉన్నవారు పెట్టిన నీళ్ళు తాగండి, వారి పక్కన కూర్చోండి, వారి బిడ్డను మీ ఇంటి కోడలిగా అడగడానికి వెనుకాడకండి. మచ్చను కొలవడం మా పని. మనిషిని మచ్చతో కొలవకుండా ఉండటం మనందరి పని.